వంతులవారీ ఊపిరి

2009 వేసవిలో నేను అమెరికాలో ఒక క్రైస్తవ సంగీత శిబిరంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. న్యూయార్క్ అనగానే అందరికీ ఆకాశహర్మ్యాలే కళ్ళముందు మెదులుతాయి గానీ, మేమున్నది ఆ నగరానికి చాలా ఉత్తరాన, అడిరాండాక్ కొండల్లో, ఒక సరస్సు ఒడ్డున. ఆ రోజుల గురించి ఎవరడిగినా ముందు కచేరీల సంగతే చెప్తాననుకుంటారు. నేను మాత్రం మూడో కార్నెట్ పిల్లల దగ్గర మొదలుపెడతాను. కార్నెట్ అంటే ట్రంపెట్‌ని పోలిన చిన్న ఇత్తడి బూర. బ్రాస్ బ్యాండ్‌లో, అంటే ఇత్తడి ఊదే వాద్యాల బృందంలో, వరస ఎత్తుకునేది మొదటి కార్నెట్లు. రెండో కార్నెట్లు దానికి తోడు పోతాయి. మూడో కార్నెట్ చేతికొచ్చే కాగితంలో పాటన్నదే కనబడదు. కాసేపు మౌనం, రెండు పొడుగు స్వరాలు, మళ్ళీ మౌనం. ఇంట్లో వాయించి వినిపిస్తే అదే పాటో అమ్మానాన్నలు కూడా పోల్చుకోలేరు. మా క్యాబిన్‌లో పడుకునే పదీ పదకొండేళ్ళ ఆడపిల్లల్లో ఇద్దరికి ఆ కాగితమే వచ్చింది.

నేను వెళ్ళింది జే-1 వీసా మీద. వేసవి శిబిరాల్లో పనిచేయడానికి వచ్చే విదేశీ యువతకి కూడా ఇచ్చే వీసా అది. శిబిరం పనికైతే పద్ధెనిమిదేళ్ళు నిండి ఉండాలి, నాలుగు నెలలకు మించకూడదు. మధ్యలో ఒక స్పాన్సర్ సంస్థ ఉంటుంది. పోలీసు రికార్డు సరిచూసి, మన గురించి తెలిసినవాళ్ళని విచారించి, డిఎస్-2019 అనే కాగితం ఇచ్చేది వాళ్ళే. కౌన్సెలర్‌గా వచ్చినవాళ్ళ చేత వంటింటి పనో ఆఫీసు పనో చేయించకూడదని నియమాల్లోనే ఉంది. పిల్లలతో ఉండటమే ఉద్యోగం. జీతం చేతిఖర్చుకి సరిపోతుంది, తిండీ పడకా శిబిరానివే. నాకు స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి చదవడం వచ్చు, క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస పాడతాను. అందుకే సంగీత శిబిరానికి పంపారు. పొద్దున ఆల్టో పిల్లల చేత పాడించడం, మధ్యాహ్నం థియరీ క్లాసులో సాయం, ఇక మిగిలిన రోజంతా, రాత్రంతా క్యాబిన్.

న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో దిగి, బస్సులో ఆల్బనీ చేరి, అక్కణ్ణుంచి ఇంటర్‌స్టేట్ 87 హైవే మీద ఇంకా పైకి వెళ్ళాను. ఊళ్ళు పలచబడుతూ పైన్ చెట్లు చిక్కబడుతూ వచ్చాయి. అడిరాండాక్ పార్కు 1892లో ఏర్పడింది, దాదాపు అరవై లక్షల ఎకరాలు. పార్కు అంటే మొత్తం సర్కారు అడవి అనుకున్నాను. తీరా చూస్తే అందులో సగానికి పైగా ప్రైవేటు భూములేనట. వాటిలోనే ఊళ్ళూ, చర్చిలూ, మాలాంటి శిబిరాలూ.

పిల్లలు రావడానికి ముందు మాకు శిక్షణ. జూన్ నెలలో అక్కడ నల్ల ఈగలుంటాయి. చిన్నవే కానీ చెవుల వెనకా, జుట్టు మొదట్లో కొరికి రక్తం తెప్పిస్తాయి. వాటిని తోలుకుంటూనే అన్నీ నేర్చుకున్నాం. నీళ్ళలో దిగే ప్రతి బిడ్డకీ ఒక జత ఉండాలి. ఈల వినబడగానే ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తాలి, ఒడ్డున బోర్డు మీద వేలాడే బిళ్ళలతో లెక్క సరిపోవాలి. అడవిలో తిరిగొచ్చాక మోకాళ్ళ వెనకా, చెవుల వెనకా టిక్ పురుగులున్నాయేమో చూడాలి, లైమ్ జబ్బు తెచ్చేవి అవే. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీని పిల్లలకి మొదటిరోజే చూపించాలి. ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట: పెద్దవాళ్ళొకరు, పిల్లవాడొకడు, ఇద్దరే ఎక్కడా ఉండకూడదు. ఓదార్చాలన్నా సరే, ఇంకొకరి కళ్ళ ముందే. మొదట అది నాకు కటువుగా అనిపించింది. రోజులు గడిచేకొద్దీ దాని విలువ తెలిసింది. పిల్లలకి ఆ గీత ఎక్కడుందో తెలిసినప్పుడే మన దగ్గర నిశ్చింతగా ఉంటారు.

ఆ ఏడు ఇంకొకటి కూడా తోడైంది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్1ఎన్1 ఫ్లూని మహమ్మారిగా ప్రకటించింది. మేం శిక్షణలో ఉండగానే నర్సు కొత్త నియమాలు చదివి వినిపించింది. కార్లు దిగిన పిల్లలకి ముందు జ్వరం చూడాలి. జ్వరమొస్తే వేరుగా ఉంచాలి. ఒకరి మౌత్‌పీస్ ఇంకొకరు పెదవికి తాకించకూడదు. ఊదే వాద్యాల శిబిరంలో ఈ చివరిది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మౌత్‌పీసులకి రంగుదారాలు కట్టాం, ఎవరి రంగు వాళ్ళది.

ఆ శిబిరాన్ని కొన్ని చర్చిలు కలిసి నడిపేవి. బ్యాండ్ నేర్పేవాళ్ళలో ఎక్కువమంది సాల్వేషన్ ఆర్మీ, అంటే రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థ బ్యాండ్లలో పెరిగినవాళ్ళు. మా బ్యాండ్‌మాస్టర్ కూడా అంతే. తెల్లటి కనుబొమలూ, మెత్తటి గొంతూ. రాత్రి నెగడు దగ్గర ఆయన పిల్లలకి చెప్పిన కథల్లో ఒకటి ఫ్రై కుటుంబానిది. 1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీ పట్నం. వీధిలో నిలబడి సువార్త చెప్పేవాళ్ళ మీద అల్లరిమూకలు పడేవి. చార్లెస్ ఫ్రై అనే ఇళ్ళు కట్టే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులూ వాళ్ళకి అండగా నిలబడ్డారు. వచ్చేటప్పుడు తమ వాద్యాలు కూడా వెంట తెచ్చుకున్నారు. పాటకి తోడుగా ఊదారు. రక్షణ సైన్యం బ్యాండ్లకి అదే మొదలు. "వాళ్ళు కచేరీ చేద్దామని రాలేదు, పక్కన నిలబడదామని వచ్చారు," అనేవాడాయన. ఈ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో ఏదో వెలుగు. ఆ పెద్దాయన మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది.

బ్రాస్ బ్యాండ్ కట్టుబాటులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కార్నెట్, టెనర్ హార్న్, బారిటోన్, యుఫోనియం, ఆఖరికి మనిషంత ఎత్తున కనబడే ట్యూబా దాకా అందరి కాగితమూ ట్రెబుల్ క్లెఫ్‌లోనే, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే ఒకే గుర్తుతోనే రాస్తారు. బాస్ ట్రాంబోన్, డ్రమ్ములు మాత్రం మినహాయింపు. కాగితం మీద ఒక స్వరం కనబడితే నొక్కాల్సిన పిస్టన్లు, అంటే స్వరం మార్చే మీటలు, అవి ఉన్న ఏ వాద్యంలోనైనా అవే. అందువల్ల కార్నెట్ నేర్చుకున్న పిల్ల రేపు హార్న్ పట్టుకున్నా, యుఫోనియం పట్టుకున్నా చదువు మళ్ళీ మొదటికి రాదు. బ్యాండ్‌లో ఎవరు లేకపోతే ఆ కుర్చీలోకి ఇంకొకరు జరగొచ్చు. బీదవాళ్ళ కోసం, కూలీల కోసం పెరిగిన సంగీతం కదా, ఎవరినీ బయట ఉంచకుండా కట్టుకున్నారు.

పిల్లలు వచ్చిన మధ్యాహ్నమే పరీక్ష. ఒక్కొక్కరూ లోపలికెళ్ళి ఒక స్కేలూ, చిన్న ముక్కా వాయించి రావాలి. సాయంత్రం భోజనాల హాలు తలుపు మీద జాబితా అంటించారు. ఆ జాబితా ముందు నిలబడ్డ పిల్లల వెన్నులు చూస్తే చాలు, ఎవరికి ఏమొచ్చిందో తెలిసిపోతుంది. మా క్యాబిన్ పాప ఒకామె, పళ్ళకి క్లిప్పులున్నది, జాబితా చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మూడో కార్నెట్. ఇంట్లో వాళ్ళ తాతయ్య పెద్ద బ్యాండ్‌లో సోలో వాయించినవాడని తర్వాత తెలిసింది. రెండో పాపకి ఆ పట్టింపే లేదు. ఆమెకి ఈతంటే ప్రాణం, కార్నెట్ దానికోసం భరించే సుంకం.

ఆ ఇద్దరినీ నేను దగ్గరగా గమనించింది సెక్షనల్స్‌లో. అంటే ఒక్కో వాద్యం వాళ్ళు విడిగా కూర్చుని సాధన చేసే గంట. గదులు చాలక చెట్ల కింద మడత కుర్చీలు వేసేవాళ్ళం. సరస్సు మీంచి గాలి వీస్తుంది, కాగితాలు నిలవవు. ప్రతి స్టాండుకీ బట్టల క్లిప్పులు రెండు. పేజీ తిప్పాలంటే క్లిప్పు తీసి పళ్ళతో పట్టుకోవడానికి లేదు, నోట్లో కార్నెట్ ఉంది. కాబట్టి పక్కనున్నది తీయాలి, తిప్పాలి, మళ్ళీ పెట్టాలి. ఎవరు ఏ పేజీ తిప్పాలో ఇద్దరూ ముందే మాట్లాడుకునేవాళ్ళు. మధ్యమధ్యలో వాటర్ కీ నొక్కి గొట్టంలో చేరిన తేమ ఊది పారబోయడం, పిస్టన్ బిగుసుకుంటే మూత విప్పి, పైకి లాగి, రెండు చుక్కల వాల్వ్ ఆయిల్ వేసి, చిన్నగా తిప్పి మళ్ళీ దింపడం. క్లిప్పుల పాప ఈ పని ఎంత శ్రద్ధగా చేసేదో. పెదవి లోపలి వైపు తీగ కోసుకుంటే నర్సు ఇచ్చిన మైనం ముద్ద పెట్టుకుని మళ్ళీ ఊదేది. ఒక్కసారీ మానేస్తాననలేదు.

అక్కడే ఆ ఇద్దరికీ బ్యాండ్‌మాస్టర్ వంతులవారీ ఊపిరి నేర్పించాడు. పొడుగు స్వరం ఎనిమిది, పన్నెండు లెక్కల దాకా సాగుతుంది. పదేళ్ళ పిల్ల ఊపిరి అంత దూరం రాదు. ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటే అక్కడ పాటకి చిల్లు పడుతుంది. అందుకని ఒకరు నాలుగో లెక్క దగ్గర, ఇంకొకరు ఏడో లెక్క దగ్గర. ఊపిరి తీసుకునేటప్పుడు స్వరాన్ని నెమ్మదిగా తగ్గించి తప్పుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు చప్పుడు చేయకుండా చేరాలి. వినేవాడికి ఒకే స్వరం, ఎక్కడా తెగదు. కాగితం మీద పెన్సిల్‌తో ఆయన రెండు రంగుల్లో చిన్న కామాలు గీశాడు. క్వయర్‌లో మేమూ ఇదే చేస్తాం కానీ, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకరి ఊపిరి కోసం ఇంకొకరు కాచుకుని ఉండటం అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఈతపాప కార్నెట్‌ని ఆటగా తీసుకోవడం ఆ కామాల దగ్గరే మొదలైంది. నీళ్ళలో ఊపిరి లెక్క ఆమెకి ముందే వచ్చు మరి.

ఆ వేసవి చల్లగా ఉంది. జూన్, జులై నెలలు ఈశాన్య రాష్ట్రాలన్నిట్లో వానలే వానలు. ఇత్తడి వాద్యాలకి చలి పడదు. గొట్టంలో గాలి చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. పొద్దున్నే బ్యాండ్ మొత్తం ఒక్క స్వరం కూడా ఊదకుండా వెచ్చటి ఊపిరిని వాద్యాల్లోకి వదులుతూ కూర్చునేది. అంతమంది పిల్లలు, అంత ఇత్తడి, వినబడేది మాత్రం ఊపిరే. తర్వాత ట్యూనింగ్ స్లైడ్లు కాస్త లోపలికి నెట్టి శ్రుతి కలుపుకునేవాళ్ళు. ఆ పది నిమిషాల కోసం నేను నా కాఫీ వదిలేసి మరీ వెళ్ళి కూర్చునేదాన్ని.

థియరీ క్లాసులో కూడా ఒక అలవాటు ఉండేది. బాఖ్ తన రాతప్రతుల చివర ఎస్.డి.జి. అని మూడక్షరాలు రాసుకునేవాడు, మహిమ దేవునికి మాత్రమే అని లాటిన్‌లో. మా టీచరు పిల్లల చేత హోంవర్క్ చివర అవి రాయించేది. తప్పులున్న పేజీ చివర కూడా రాయమనేది. ఒక పిల్లవాడు తప్పులున్న పేజీ కింద ఎలా రాస్తాం అనడిగితే, అది కూడా ఆయనకే ఇస్తున్నావు కదా అంది. నేను బాల్యం నుంచీ చర్చిలో పెరిగిన మనిషిని. అంత తేలిగ్గా, అంత నిండుగా ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

రాత్రుళ్ళ సంగతికి వస్తాను. అక్కడ జూన్ చివర్లో ఎనిమిదీ నలభైకి గానీ సూర్యుడు అస్తమించడు. తొమ్మిదిన్నరకి దీపాలార్పే వేళకి పడమట ఇంకా వెలుతురు అంచు మిగిలే ఉండేది. జెండా దగ్గర పెద్ద కుర్రవాడొకడు ట్యాప్స్ వాయించేవాడు. 1862లో అంతర్యుద్ధం నడుస్తుండగా వర్జీనియాలో జనరల్ బటర్‌ఫీల్డ్ తన సైనికుల కోసం దిద్దిన పిలుపు అది. మొత్తం ఇరవైనాలుగు స్వరాలు, అవీ నాలుగు స్థాయిల్లోనే, ఒక్క పిస్టనూ నొక్కక్కర్లేదు. అది ఆగిన మరుక్షణం నా అసలు పని మొదలయ్యేది. పగలంతా ఆటపాటల్లో మునిగిన పిల్లలకి ఇల్లు గుర్తొచ్చేది అప్పుడే.

ఇంటి బెంగ గురించి శిక్షణలో మాకు బాగా చెప్పారు. ఏడవకు అనొద్దు. ఇంటికి ఫోను కలపొద్దు, ఆ గొంతు వింటే బెంగ రెట్టింపవుతుంది. నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తామని ఇంట్లో మాటిచ్చిన పిల్లలకే ఎక్కువ కష్టం, వాళ్ళ మనసు ఎప్పుడూ గేటు వైపే ఉంటుంది. ఇవన్నీ నిజమేనని నేను కళ్ళారా చూశాను. అయితే చీకట్లో పై మంచం మీంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడ్డప్పుడు పాఠాలు ఒక మేరకే పనికొస్తాయి. నేను టార్చి నేలవైపు తిప్పి పెట్టి, మంచం మెట్టు పక్కన నిలబడి, మీ కుక్క ఎక్కడ పడుకుంటుంది అనడిగేదాన్ని. కుక్క లేనివాళ్ళని, మీ వీధి చివర ఏముంది అని. పిల్లలు ఇంటిని మర్చిపోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంటి గురించి ఎవరికైనా చెప్పుకోగలిగితే చాలు, కాసేపటికి కళ్ళు మూతలు పడేవి. క్లిప్పుల పాప మాత్రం కుక్క గురించి చెప్పలేదు. తాతయ్య తన కార్నెట్‌ని రోజూ ఏ గుడ్డతో తుడుస్తాడో చెప్పింది. ఆ పసుపు గుడ్డ గురించే చాలాసేపు.

ఒక రాత్రి సరస్సు మీద లూన్ పక్షి కూసింది. ఆ కూత తోడేలు ఊళలా సాగి సాగి వస్తుంది. పిల్లలందరూ ఒక్కసారి లేచి కూర్చున్నారు. ఒకదానికొకటి ఎక్కడున్నామో చెప్పుకోవడానికి అవి అలా కూస్తాయని శిబిరం ప్రకృతి టీచరు చెప్పిన మాట నేను వాళ్ళకి చెప్పాను. ఊపిరి బిగబట్టి విన్నాం. అవతలి ఒడ్డునుంచి రెండోది పలికింది. క్యాబిన్ మొత్తం సంబరంతో కేక వేసింది, పక్క క్యాబిన్ కౌన్సెలర్ వచ్చి తలుపు తట్టేంతగా. ఆ తర్వాత ప్రతి రాత్రీ లూన్ కోసం ఎదురుచూపే.

పడుకునే ముందు ఒక వాక్యం చదువుకుని, వరసగా ప్రార్థన చేసుకునేవాళ్ళం. పిల్లల ప్రార్థనలు నాకు ఇప్పటికీ పాఠం. రేపు నా పై స్వరం జారిపోకుండా చూడు దేవా. మా అమ్మకి కొత్త ఉద్యోగం దొరకాలి. మూడో మంచంలో అమ్మాయి నాతో మాట్లాడాలి. అదే 2009, మాంద్యం నడుస్తున్న రోజులు. ఉద్యోగం కోసం ప్రార్థన ప్రతి విడతలోనూ ఎవరో ఒకరి నోట వచ్చేది. పదేళ్ళ పిల్లలు అంత బరువు మోసుకుని వచ్చారని పగటిపూట వాళ్ళ పరుగులు చూస్తే తెలియదు. ఒక ఆదివారం 150వ కీర్తన చదివాం. బూర నుంచి తాళాల దాకా వాద్యాలన్నీ వరసగా వచ్చి, చివరికి ఊపిరి ఉన్న ప్రతిదీ స్తుతించాలని ముగుస్తుంది. ఈతపాప వెంటనే, అయితే మౌనం ఉన్న చోట ఊపిరి తీసుకోవడం కూడా లెక్కకొస్తుందా అంది. వస్తుందన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

సెలవు రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దగ్గర పట్నంలో పాతిక సెంట్ల నాణేలు వేసే వాషింగ్ మిషన్లలో బట్టలు ఉతుక్కుని, స్కాట్లాండ్ నుంచీ ఘనా నుంచీ వచ్చిన తోటి కౌన్సెలర్లతో కలిసి నిద్రపోయేవాళ్ళం, అంతే. అలసటంటే అలాంటి ఇలాంటి అలసట కాదు.

కచేరీకి ఇంక కొద్ది రోజులుందనగా ఈతపాపకి జ్వరం వచ్చింది. రాత్రే నర్సు గదికి మార్చారు, మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. పక్క మంచంలో పడుకునేది కాబట్టి క్లిప్పుల పాపని కూడా, జ్వరం లేకపోయినా, నర్సు తన దగ్గరే కనిపెట్టి ఉంచింది. ఆ గదికి దోమతెర కట్టిన వసారా ఉండేది. నేను మాస్కు పెట్టుకుని తెరకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాను, నర్సు లోపల. మైదానం అవతల మంటపంలో బ్యాండ్ సాధన చేస్తోంది. ఆ పాప మోకాళ్ళు ముడుచుకుని వింటోంది. తను లేని బ్యాండ్‌ని ఆమె బయటినుంచి వినడం అదే మొదటిసారి.

స్తుతిగీతం చివరికొచ్చింది. చివరి కార్డ్ మోగింది. పాప ముఖం చిట్లించింది. "ఏదో బోలుగా ఉంది" అంది. నాకూ అలాగే వినబడింది. మన మాటల్లో చెప్పాలంటే స, గ, ప మూడూ కలిస్తే ఆ కార్డ్. గాంధారం తీసేస్తే మిగిలిన స, ప లని బట్టి అది సంతోషమో విచారమో, మేజరో మైనరో చెవికి తేలదు. చిన్న పిల్లల కోసం సులువుగా రాసిన ఆ కూర్పులో చివరి గాంధారాన్ని మూడో కార్నెట్‌కే ఇచ్చారు. ఆ రోజు మూడో కార్నెట్ కుర్చీలు రెండూ ఖాళీ. బ్యాండ్‌మాస్టర్ ఆ చివరి భాగం మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి కార్డ్ రాగానే పాప తన స్వరాన్ని సన్నగా పాడింది. నేను తెర ఇవతలినుంచి కలిశాను. ఆమె నావైపు చూసింది. తర్వాత ఎన్నిసార్లు ఆ భాగం వచ్చినా మేమిద్దరం గాంధారం అందుకున్నాం, ఆమె ఊపిరి తీసుకునే చోట నేను పట్టుకుని, నేను తీసుకునే చోట ఆమె పట్టుకుని. నర్సు లోపలి నుంచి ఏం జరుగుతోందని తొంగిచూసింది.

జ్వరమేమీ రాకపోవడంతో ఆమెని కచేరీకి వదిలారు. కానీ జత లేదు. ఒక్కర్తీ అంత పొడుగు స్వరం మోయలేదు. బ్యాండ్‌మాస్టర్ కాసేపు కాగితాలు చూసి, పక్క వరసలో టెనర్ హార్న్ వాయించే కుర్రవాడి కాగితం మీద పెన్సిల్‌తో ఏదో రాశాడు. పాప ఊపిరి తీసుకునే చోట అతను తన స్వరం వదిలి ఆమెది అందుకోవాలి. కాగితంలో అచ్చైన దాంట్లో అది లేదు, ఆయనే కలిపాడు. సాధనలో ఆ కుర్రవాడు తన వంతు వచ్చే ముందు ప్రతిసారీ ఆమె భుజాల వైపు చూసేవాడు, అవి పైకి లేచాయా అని.

కచేరీ రోజు ఎండ కాసింది. మైదానం నిండా కార్లు. తెల్లచొక్కాల పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు. టాంబరిన్ల దండు రిబ్బన్లతో వచ్చింది, క్వయర్ పాడింది, నా ఆల్టో పిల్లలు ఒక్కచోట తడబడి వెంటనే సర్దుకున్నారు. బ్యాండ్ మొదలయ్యే ముందు క్లిప్పుల పాప తాతయ్య దగ్గరికి పరుగెత్తుకెళ్ళి ఏదో చెప్పి వచ్చింది. ఆఖరి పాట ఆఖరి కార్డ్ దగ్గర నేను బ్యాండ్‌ని వదిలేసి ఆయన్నే చూశాను. ఆ పెద్దాయన కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, చూపుడువేలు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. కార్డ్ ఆగేదాకా ఆ వేలు దించలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి చెప్పాడు, తన స్వరం ఎక్కడుందో వెతికి వినమని మనవరాలు చెప్పి వెళ్ళిందట. జీవితమంతా మొదటి కుర్చీలో కూర్చుని వాయించాను, పక్క కుర్చీల కోసం ఇలా చెవి పెట్టింది ఈ రోజేనన్నాడు.

మరుసటి ఏడు క్రిస్మస్‌కి ఆ పాప దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, శిబిరం వాళ్ళు నా చిరునామాకి పంపించారు. పళ్ళ క్లిప్పులు తీసేశారట. వాళ్ళ చర్చి బ్యాండ్‌లో టెనర్ హార్న్ ఖాళీ అయితే తనే అడిగి మారిందట. పిస్టన్లు అవే కాబట్టి వారంలో పట్టుబడిందని రాసింది. ఈతపాపతో ఉత్తరాలు నడుస్తున్నాయట, ఈసారి ఇద్దరూ ఒకే విడతకి పేర్లిచ్చారట. కింద పెద్ద అక్షరాలతో, హార్న్‌కి కూడా పాట ఉండదు, అన్నీ మధ్య స్వరాలే, నాకు చాలా ఇష్టం అని. దాని కింద ఒక ప్రశ్న: ఈ క్రిస్మస్‌కి మీ క్వయర్‌లో ఏ పాట పాడుతున్నారు, అందులో ఆల్టో వరస ఏంటో రాసి పంపుతావా? అదే రాత్రి స్టాఫ్ కాగితం మీద ఆల్టో వరస మొత్తం రాసి, ఊపిరి తీసుకునే చోట్ల కామాలు కూడా పెట్టి పంపించాను.